చిప్-సీక్ మేలా, కట్ అండ్ రన్ మేలా? ముందు కణాలు లెక్కపెట్టండి

రోగనిరోధక జన్యువులను నడిపే ప్రోటీన్ల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టినవారు నన్ను తరచూ అడిగేది ఇదే: ప్రోటీన్ డీఎన్‌ఏ మీద ఎక్కడ కూర్చుంటుందో చూడాలంటే చిప్-సీక్ చేయాలా, కట్ అండ్ రన్ చేయాలా? నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మీ చేతిలో కణాలు ఎన్ని ఉన్నాయి?

ఫాక్స్‌పీ3నే తీసుకోండి. రోగనిరోధక స్పందనను అదుపులో ఉంచే రెగ్యులేటరీ టీ కణాలకు ఆ స్వభావాన్ని ఇచ్చేది, టీ కణాలను పెంచే సంకేత ప్రోటీన్ ఐఎల్-2 జన్యువు నోరు నొక్కి ఉంచేది ఈ ప్రోటీనే. ఇది చెడితే పసిబిడ్డల్లో ఐపెక్స్ అనే తీవ్రమైన జబ్బు వస్తుంది. 10 మిల్లీలీటర్ల రక్తంలో ఇంచుమించు కోటి పీబీఎంసీలు (టీ కణాల్లాంటి ఒకే కేంద్రకం ఉన్న తెల్ల కణాలు) దొరుకుతాయి. వాటిలో సీడీ4 కణాలు (టీ కణాల్లో ఒక రకం) 40 లక్షలనుకుందాం. రెగ్యులేటరీ కణాలు వాటిలో నూటికి ఐదు, అంటే 2 లక్షలు. కణాలను రకాలవారీగా వేరుచేసే సార్టర్ యంత్రం దాటేసరికి అందులోనూ కొన్ని పోతాయి. ఇలా డీఎన్‌ఏ మీద కూర్చుని జన్యువులను నడిపే ప్రోటీన్‌కు, అంటే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్‌కు చిప్-సీక్ చేయాలంటే మామూలుగా 10 లక్షల నుంచి కోటి కణాలు కావాలి. ఒక్క రోగి రక్తంతో ఆ పని ఎక్కడ తెములుతుంది?

చిప్‌కు అంత ఆకలి ఎందుకంటే, మొత్తం క్రోమాటిన్‌ను (డీఎన్‌ఏ, దాన్ని చుట్టుకున్న ప్రోటీన్లు) ఫార్మాల్డిహైడ్‌తో బిగించి, ధ్వని తరంగాల సోనికేటర్‌తో ముక్కలు చేసి, ఆ కుప్పలోంచి మనకు కావలసినవి యాంటీబాడీతో ఏరుకోవాలి. చెత్త కూడా వెంట వస్తుంది. స్టీవెన్ హెనికాఫ్ ప్రయోగశాల 2017లో ప్రకటించిన కట్ అండ్ రన్‌లో దారి వేరు. కణాలను పూసలకు అంటించి, డిజిటోనిన్‌తో పొరకు రంధ్రాలు చేసి, యాంటీబాడీని లోపలికి పంపుతాం. దాన్ని పట్టుకుని డీఎన్‌ఏను కత్తిరించే న్యూక్లియేజ్ ఎంజైమ్ వెళ్తుంది. కాల్షియం వేయగానే తాను కూర్చున్న చోట మాత్రమే కత్తిరిస్తుంది, ఆ ముక్కలు బయటికి తేలివస్తాయి. చెత్త తక్కువ కాబట్టి తక్కువ కణాలతోనే పని తెములుతుంది. అందుకే చిప్‌కు 2 కోట్ల రీడ్లు (సీక్వెన్సర్ చదివే డీఎన్‌ఏ ముక్కలు) కావలసిన చోట దీనికి 30 నుంచి 50 లక్షలు సరిపోతాయి. అయితే ఈ కోత మంచు మీదే జరగాలి. మొదటిసారి నేను గొట్టాలను మంచులో సరిగా దించలేదు. ఎంజైమ్ దొరికిన చోటల్లా కొరికిపెట్టింది.

వాపు జన్యువులను నడిపే మరో ఫ్యాక్టర్ ఎన్‌ఎఫ్-కప్పాబీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా గొంతు కాస్త తగ్గుతుంది. ఎల్‌పీఎస్ (బ్యాక్టీరియా పొరలోని పదార్థం) తగిలిన మ్యాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణంలో అది అరగంటలోనే కేంద్రకంలోకి చేరుతుంది. చేరాక తనను ఆపే ఐకప్పాబీ-ఆల్ఫా జన్యువును మేల్కొలుపుతుంది, ఆ ప్రోటీన్ వచ్చి దాన్నే బయటికి లాక్కుపోతుంది. ఇలా వచ్చిపోయే అతిథిని ఆ నిమిషంలోనే పట్టి ఉంచాలంటే ఫార్మాల్డిహైడ్ మంచి కాపలాదారు. పైగా ఎలుక ఎముక మజ్జ నుంచి మ్యాక్రోఫేజ్‌లను కోట్లలో పెంచుకోవచ్చు. అక్కడ చిప్-సీకే చేయండి.

కట్ అండ్ రన్‌కు చెల్లెలైన కట్ అండ్ ట్యాగ్ పద్ధతి హిస్టోన్ గుర్తులకు (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రోటీన్ల మీది రసాయన గుర్తులు) బాగుంటుంది. ఫ్యాక్టర్లకైతే నేను వాడను, అందులోని టీఎన్5 ఎంజైమ్ తెరిచి ఉన్న క్రోమాటిన్ మీద అనవసరంగా మోజుపడుతుంది. 1986లో ఎన్‌ఎఫ్-కప్పాబీని పట్టిచ్చిన జెల్ షిఫ్ట్ (ప్రోటీన్ అంటుకున్న డీఎన్‌ఏ జెల్‌లో నెమ్మదిగా కదలడాన్ని చూసే పద్ధతి) గాజు గొట్టంలో బంధాన్ని చూపుతుంది, కణంలో సంగతి చెప్పదు.

కట్ అండ్ రన్ వైపే వెళ్తే డిజిటోనిన్ మోతాదు ముందే సరిచూసుకోండి. పొరకు రంధ్రాలు పడ్డ కణాల్లోకే వెళ్లే ట్రైపాన్ బ్లూ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే దాదాపు అన్ని కణాలూ నీలంగా కనిపించాలి. కనిపించకపోతే మీ యాంటీబాడీ ఇంకా గుమ్మం బయటే ఉన్నట్టు.