శాన్ హోసేలో కారు లేకుండా తిరగొచ్చు: వీటీఏ రైలు, బస్సుల మీద నా రివ్యూ

మా విజయనగరం నుంచి, ఆ మాటకొస్తే బొబ్బిలి, పార్వతీపురం, శ్రీకాకుళం వైపు నుంచి కూడా, పిల్లల దగ్గరికని అమెరికాలో శాన్ హోసే వెళ్ళే అమ్మానాన్నలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వెళ్ళొచ్చినవాళ్ళని కదిపితే అందరిదీ ఒకటే మాట, ఊరు బాగుంది గానీ కారు లేకపోతే గుమ్మం దాటలేం, శనాదివారాలు ఎప్పుడొస్తాయా అని కూర్చోడమే అని. నేను ఒప్పుకోను. నాకూ మా ఆయనకీ డ్రైవింగ్ రాదు, అయినా పిల్లలు ఆఫీసులకి వెళ్ళిపోయాక ఇద్దరం రైలో బస్సో పట్టుకుని హాయిగా తిరిగొచ్చేవాళ్ళం. వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

వీటీఏ అంటే శాన్ హోసే ఉన్న శాంటా క్లారా కౌంటీకి, అంటే అక్కడి జిల్లాకి, మన ఆర్టీసీ లాంటిది అనుకోండి. బస్సులూ వాళ్ళవే, లైట్ రైలూ (ఊళ్ళో తిరిగే చిన్న కరెంటు రైలు) వాళ్ళదే. ఈ రైలు 1987 నుంచి నడుస్తోంది, బ్లూ, గ్రీన్, ఆరెంజ్ అని మూడు లైన్లు. ప్లాట్‌ఫారం, రైలు ఫ్లోరు ఒకే ఎత్తులో ఉంటాయి, మెట్లెక్కే పనే లేదు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఇదొక్కటి చాలు. మనకి మాత్రం అన్నిటికంటే బాగా ఉపయోగపడేది ఆరెంజ్ లైను, దగ్గర్లోని మౌంటెన్ వ్యూ అనే ఊరి నుంచి శాన్ హోసేలో ఆలమ్ రాక్ దాకా పోతుంది. కిటికీ పక్క సీటు దొరికితే అదే ఒక టూరు. సిస్కో కంపెనీ బిల్డింగులు వస్తాయి, లీవైస్ స్టేడియం వస్తుంది, ఇంకొంచెం ముందుకి పోతే మోఫెట్ ఫీల్డ్ దగ్గర నేవీ వాళ్ళు 1930లలో ఎయిర్‌షిప్ (గ్యాస్‌తో గాల్లో తేలే పెద్ద ఓడ లాంటిది) పెట్టుకోడానికి కట్టిన హ్యాంగర్, అంటే షెడ్డు, కనిపిస్తుంది, అబ్బో ఎంత పెద్దదో, మా కోట మొత్తం అందులో పట్టేస్తుందేమో అన్నారు మా ఆయన. ఓసారి అదే రైల్లో నేను తెలుగులో మాట్లాడుతుంటే విని వెనక సీట్లోంచి ఒకావిడ "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది, చూస్తే వాళ్ళది బొబ్బిలి! దిగేదాకా కబుర్లే.

టికెట్ సంగతి జాగ్రత్తగా వినండి. క్లిప్పర్ కార్డు అని ముందే డబ్బు వేసుకుని వాడే కార్డు ఉంటుంది, అది ఉంటే చిల్లర గొడవ లేదు. మెట్రో స్టేషన్లలో ఉండేలాంటి గేట్లు ఇక్కడ ఉండవు, కండక్టరూ రాడు, ప్లాట్‌ఫారం మీదుండే మెషీన్‌కి కార్డు ఆనించి, అది బీప్ మన్నాకే రైలెక్కాలి. ఎవరూ అడగట్లేదు కదా అని ఊరికే ఎక్కేయకండి, మధ్యలో చెకింగ్ వాళ్ళు వస్తారు, ఫైన్ వేస్తారు. బస్సులో అయితే డ్రైవర్ పక్కనే మెషీన్. మామూలు టికెట్ రెండున్నర డాలర్లు, 65 దాటినవాళ్ళకి ఒక్క డాలరే, పైగా కార్డుతో ఒకసారి కొడితే రెండు గంటలపాటు రైలు దిగి బస్సు, బస్సు దిగి రైలు ఎన్నయినా మారొచ్చు. రేట్లు మారుతుంటాయి కాబట్టి వెళ్ళేముందు ఒకసారి సైట్లో చూసుకోండి.

బస్సుల్లో 22 నంబరు గుర్తుపెట్టుకోండి. ఎల్ కామినో రియల్ అనే పెద్ద రోడ్డు మీద పోతుంది, సన్నీవేల్ దగ్గరా శాంటా క్లారా దగ్గరా మన సరుకుల కొట్లు చాలావరకు ఆ రోడ్డు మీదో దాని చుట్టుపక్కలో ఉంటాయి. గోంగూర, ములక్కాడలు, ఇడ్లీ రవ్వ, అన్నీ దొరుకుతాయి. కోడలికి ఫోన్ చేసి సాయంత్రం వచ్చేటప్పుడు తెమ్మని చెప్పే అవసరం లేకుండా నేనే వెళ్ళి తెచ్చుకుంటే ఎంత ఊరటగా ఉండేదో, ఆ మాట పరాయి ఊళ్ళో నెలల తరబడి ఉన్న ఆడవాళ్ళకి తెలుస్తుంది. వయసైనవాళ్ళు ఎక్కుతుంటే బస్సు ముందు వైపు కిందికి దించుతారు, ముందు సీట్లు మనకే వదిలేస్తారు. స్టాపు వస్తోందంటే కిటికీ పక్కన తాడు లాగాలి, అరవక్కర్లేదు.

ఇక ఎండ. మే నుంచి సెప్టెంబరు దాకా వాన దాదాపు ఉండదు, పడితే గిడితే నవంబరు నుంచి మార్చిలోపే. పడమటి వైపు శాంటా క్రూజ్ కొండలు సముద్రం మీంచొచ్చే మబ్బుల్ని ఆపేస్తాయి, అందుకే ఏడాది మొత్తానికి వాన 15 అంగుళాల దాకా పడుతుందంతే, మన జిల్లాలో పడే దాంట్లో సగం కూడా కాదు. కానీ మనలాగ ఉక్క ఉండదు, మధ్యాహ్నం నడిచినా చెమట పట్టదు. సాయంత్రం అయ్యేసరికి చలేస్తుంది, చేతిసంచిలో ఒక స్వెట్టరు ఉండాల్సిందే. ఈ ఎండ, ఈ నేల వల్లే కంపెనీలు రాకముందు అక్కడంతా పళ్ళ తోటలుండేవట, ఆప్రికాట్లు, ప్లమ్ములు. సన్నీవేల్ కమ్యూనిటీ సెంటర్ పక్కన ఆప్రికాట్ తోట ఒకటి ఇప్పటికీ కాపాడుకుంటున్నారు, అది చూడండి.

అన్నిట్లోకీ మాకు బాగా నచ్చింది మౌంటెన్ వ్యూలో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం. ఆరెంజ్ లైన్ చివరి స్టేషన్లో దిగితే రెండు మైళ్ళ లోపే, మన వయసుకి నడక వద్దు, ఊబర్ పట్టుకోండి. మా ఆయన టెలిఫోన్స్‌లో చేసి రిటైరయ్యారు, ఆయన్ని బయటికి తీసుకురావడం నావల్ల కాలేదు. ఐబీఎం కంపెనీది 1401 అని 1959లో వచ్చిన కంప్యూటరు ఉందక్కడ, బొమ్మలా పెట్టలేదు, నడిపి చూపిస్తారు! చూపించేది వాలంటీర్లు, వాళ్ళలో ఒకప్పుడు ఐబీఎంలో చేసిన ఇంజనీర్లు ఉన్నారు. పేరు చెప్తే, ఆ కంప్యూటరు చదివే అట్ట కార్డు మీద చిల్లులు కొట్టి ఇచ్చారు, ఒక్కో అక్షరానికి ఒకే నిలువు వరసలో రెండేసి చిల్లులు, పైన ఒకటి కింద ఒకటి. మా ఆయన ఆ కార్డుని వెలుతురుకి ఎత్తిపట్టుకుని ఒక్కో అక్షరం వేలితో చదువుకున్నారు. తర్వాత ప్రింటర్ ఆన్ చేశారు, నిమిషానికి 600 లైన్లు కొడుతుందట, ఆ చప్పుడికి గదంతా అదిరిపోయింది. ఇంకో చోట ప్రపంచంలో మొదటి హార్డ్ డిస్క్, 1956లో ఇదే శాన్ హోసేలో తయారైంది, రెండడుగుల వెడల్పున్న పళ్ళేలు 50 ఒకదాని మీద ఒకటి గుచ్చి ఉంటాయి, అంతా కలిపి పట్టేది 50 లక్షల అక్షరాలు, ఇవాళ మన ఫోన్లో రెండు ఫోటోలకి కూడా చాలదు. పిల్లలు పొద్దున్న లేస్తే దేనిమీద పనిచేస్తున్నారో అది ఎక్కణ్ణుంచి మొదలైందో నాకు అక్కడే అర్థమైంది. మ్యూజియం వారంలో అన్ని రోజులూ తెరవరు, 1401 నడిపేది కూడా కొన్ని రోజులే, చూసుకుని మరీ వెళ్ళండి.

మనవలతో అయితే డౌన్‌టౌన్‌కి. ఊదారంగు బిల్డింగ్ చిల్డ్రన్స్ డిస్కవరీ మ్యూజియం, దానికి ఆ పేరుతోనే రైలు స్టేషన్ ఉంది. మామిడిపండు రంగులో ఉండేది టెక్ ఇంటరాక్టివ్ అనే సైన్స్ మ్యూజియం, కొంచెం పెద్ద పిల్లలకి అది. మే నెలలో వెళ్తే మునిసిపల్ రోజ్ గార్డెన్ వదలొద్దు, అయిదున్నర ఎకరాల్లో అన్నీ గులాబీలే, టికెట్ లేదు.

లోపాలూ చెప్పాలి కదా. డౌన్‌టౌన్‌లో రోడ్డు మధ్యలోంచి పోవాలి కాబట్టి రైలు చాలా మెల్లగా నడుస్తుంది, తొందర పనులకి నమ్ముకోలేం. ఆదివారాలు బండికీ బండికీ గ్యాప్ ఎక్కువ. కుపర్టినోకి అసలు రైలే లేదు, బస్సే. రోజూ ఆఫీసుకెళ్ళే వాళ్ళ సంగతి వాళ్ళు చెప్పాలి గానీ, చేతిలో పగలంతా ఉన్న మాలాంటి వాళ్ళకి నేను ఐదుకి నాలుగు ఇస్తా.

ఒక్క డాలర్ టికెట్ రావాలంటే సీనియర్ క్లిప్పర్ కార్డు విడిగా తీసుకోవాలి, వయసు రుజువుకి పాస్‌పోర్ట్ పనికొస్తుంది. కార్డు చేతికొచ్చేసరికి టైం పడుతుంది, అందుకని దిగిన మొదటి వారంలోనే పిల్లల చేత అప్లై చేయించేయండి, అప్పటిదాకా మామూలు కార్డు వాడుకోవచ్చు.