లంగరుకి గొలుసు మేలా, మోకు మేలా?

ఒడిశా తీరంలో గోపాల్‌పూర్, ఆర్జిపల్లి, సోనాపూర్ వైపు కొత్తగా ఫైబర్ పడవ కొన్న ప్రతివాళ్లూ అడిగేది ఇదే. పోర్టు బయట ఆగే ఓడలన్నీ గొలుసే దించుతుంటే, మనకి మోకెందుకని.

నిజమే, ఓడలు 19వ శతాబ్దం మొదట్లోనే నార మోకుల నుంచి గొలుసుకి మారడం మొదలెట్టాయి. కానీ వాటికి గొలుసు లాగే మెషీన్ ఉంది. మనకి చేతులే దిక్కు.

నన్నడిగితే తేల్చాల్సింది ఏది గట్టిదని కాదు, లంగరుని ఏ వాలున లాగుతుందని. ఇసుకలో కొక్కెం పట్టు నిలవాలంటే లాగుడు నేలబారుగా ఉండాలి. పైకి లేపితే ఊడొస్తుంది. గొలుసు బరువుకి అడుగునే పడుకుంటుంది కాబట్టి మామూలు గాలికి లోతుకి మూడు నాలుగు రెట్లు వదిలితే సరిపోతుంది. ఉత్త మోకైతే ఏడు రెట్లు కావాలి. పది బారల నీళ్లలో డెబ్బై బారలు!

ఇక్కడిదాకా గొలుసుదే పైచేయి. అయితే పది మిల్లీమీటర్ల గొలుసు మీటరుకి రెండు కిలోలకు పైనే తూగుతుంది. అదే పది బారల లోతుకి మూడు రెట్లు, ముప్పై బారలంటే దాదాపు 55 మీటర్లు, అంటే 110 కిలోలు దాటింది. అంత బరువు అణియంలో, అంటే పడవ ముందు భాగంలో పెడితే ముక్కు కిందికి దిగి, ప్రతి అలా లోపలికే. పైగా గాలి ముదిరి గొలుసు బిగుసుకుందంటే అల లేచినప్పుడల్లా పడవని గట్టిగా కుదిపేస్తుంది. నైలాన్ మోకు సాగి ఆ కుదుపు తను తీసుకుంటుంది.

అందుకే నా ఓటు రెండూ కలిపిన దానికి: లంగరు దగ్గర పడవ పొడవంత గొలుసు, అక్కణ్ణుంచి అణియం దాకా నైలాన్. లోతుకి ఐదారు రెట్లు వదలండి, గాలి పెరిగితే ఇంకాస్త. ఫైలిన్ లాంటి తుపానుకి మాత్రం ఏ లంగరునీ నమ్మొద్దు, పడవ ఒడ్డెక్కించాల్సిందే.

ప్లాస్టిక్ తాడు చవకే, కానీ నీటిపై తేలి ఇంజిన్ ఫ్యాన్‌కి చుట్టుకుంటుంది. కొబ్బరి మోకుకి నైలానంత బలం ఉండదు. ఇనప వైరు చేతులు కోస్తుంది.

నైలాన్ తెగేది ఎక్కువగా అణియం అంచున రాసుకునే చోట. అక్కడ మూరెడు పాత నీళ్ల పైపు చీల్చి తొడిగి, రెండు కొసలా సన్నతాడుతో బిగించండి. మోకు, గొలుసు కలిసే చోట షాకిల్ (రెంటినీ కలిపే ఇనప కొండీ) పిన్ను అల ఊపుకి తిరిగి వదులవుతుంది, దానికి తీగ చుట్టడం మరవకండి.