స్పెయిన్ వేళల్లో 11 రోజులు

మే మొదటి వారంలో మ్యాడ్రిడ్‌లో దిగిన రోజు సాయంత్రం ఆరున్నరకే మాకు ఆకలి వేసింది. వీధి పొడవునా భోజనశాలలే కనిపిస్తున్నా, అడిగిన ప్రతిచోటా వంటగది తెరవడానికి ఇంకా రెండు గంటలు పడుతుందనే చెప్పారు. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండు నుంచి నాలుగు గంటల మధ్య, రాత్రి భోజనం తొమ్మిది తరువాత. ఆ నెలలో రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటుంది కనుక ఆ వేళలు మొదట అనిపించినంత వింతవి కావని రెండో రోజుకే తెలిసింది. మరునాటి నుంచి మేము కూడా పొద్దున కాఫీ, రొట్టె, మధ్యాహ్నం నిండు భోజనం, ఆ తరువాత గదిలో కాసేపు విశ్రాంతి, మళ్ళీ ఏడింటికి నడక అన్న పద్ధతికి మారాము. యాభై దాటిన దంపతులం 11 రోజులు అలసిపోకుండా తిరగగలిగామంటే ముఖ్యకారణం ఈ మార్పేనని నా అభిప్రాయం.

మ్యాడ్రిడ్‌లో మేము దిగినది ఓస్తాల్. ఇది పడకలు పంచుకునే హాస్టల్ కాదు. పాత భవనంలో ఒకటి రెండు అంతస్తులు తీసుకుని, తరచు ఒక కుటుంబమే నడుపుకునే చిన్న బస. మా గదికి సొంత స్నానాలగది, వీధి వైపు బాల్కనీ ఉన్నాయి. అల్పాహారం లేదు, లిఫ్టులో ఇద్దరు, ఒక పెట్టె మాత్రమే పడతాయి, రాత్రి ఒంటిగంట దాకా కింద మాటలు వినబడుతూనే ఉంటాయి. అయినప్పటికీ ప్రాడో మ్యూజియానికి పది నిమిషాల నడక కనుక నేను మళ్ళీ అక్కడే దిగుతాను. నిద్ర తేలికగా చెదిరేవారు మాత్రం లోపలి గది అడగడం మంచిది.

1819లో తెరిచిన ప్రాడోను ఒక్క పూటలో చూసెయ్యాలనుకోవడం పొరపాటు. టికెట్టు 15 యూరోలు. సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ప్రవేశం ఉచితం. మేము ఒక ఉదయం డబ్బు కట్టి వెళ్ళి, తరువాత రెండు సాయంత్రాలు ఉచిత వేళలో వరుసలో నిలబడి మళ్ళీ వెళ్ళాము. ఆ రెండుసార్లూ వెలాస్కెజ్ 1656లో గీసిన ‘లాస్ మెనినాస్’ ఉన్న గదికే నేరుగా నడిచాము. దూరం నుంచి చూస్తే చిన్నారి రాకుమార్తె మార్గరిటా గౌనుపై వెండి జలతారు మెరుస్తూ ఉంటుంది. దగ్గరికి పోతే అక్కడ జలతారు లేదు, కుంచె తడితో విడివిడిగా వేసిన బూడిద, తెలుపు మరకలున్నాయి, అంతే. పరిచారిక పళ్ళెంలో అందిస్తున్న చిన్న ఎర్రమట్టి ముంతను మావారు నాకు చూపించారు. గదంతా నీడలో ఉండగా ఆ ఎరుపు ఒక్కటే కంటిని పట్టి నిలిపేస్తుంది. వెనక గోడ మీది అద్దంలో రాజు, రాణి కనబడతారు, అంటే వారు నిలబడిన చోటే మనమూ నిలబడి ఉన్నామన్నమాట. అది అర్థమైన క్షణంలో నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. లోపల ఫొటోలు తీయనివ్వరు. అందువల్లనే కాబోలు, ఆ గదిలో జనం నిజంగా చూస్తూ నిలబడతారు.

మ్యాడ్రిడ్‌లోనే రెయినా సోఫియా మ్యూజియంలో ఉన్న పికాసో ‘గెర్నికా’ ముందు నాకు మాట రాలేదు. 1937 ఏప్రిల్ 26న గెర్నికా పట్టణంపై జరిగిన బాంబు దాడికి కలత చెంది, ఆ ఏడాదే ఆయన దాన్ని గీశాడు. దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, 7.76 మీటర్ల వెడల్పు ఉన్న ఆ చిత్రంలో నలుపు, తెలుపు, బూడిద తప్ప వేరే రంగు లేదు. స్పెయిన్‌లో స్వేచ్ఛ తిరిగి వచ్చేదాకా అది అక్కడికి పోరాదన్నది పికాసో షరతు కావడంతో, అన్నేళ్ళూ న్యూయార్క్‌లో ఉండి, ఆయన మరణం తరువాత 1981లో గాని అది మ్యాడ్రిడ్ చేరలేదు. ఎడమ పక్క చనిపోయిన బిడ్డను ఒళ్ళో పెట్టుకుని తల పైకెత్తి అరుస్తున్న తల్లిని చూశాక ఆ రోజు ఇంకో చిత్రం చూడబుద్ధి కాలేదు. ఈ మ్యూజియానికి మంగళవారం సెలవు.

ఇక తిండి. నేను గుడ్డు తింటాను గాని మాంసం, చేప ముట్టను. మావారికి ఏ పట్టింపూ లేదు. బార్లలో పైనుంచి వేలాడే ఎండబెట్టిన పంది తొడలను చూసి మొదటి రోజు నేను వెనక్కి తగ్గిన మాట నిజం. మాంసం తినను అని చెబితే సరిపోదు; హమోన్ అనే ఆ పంది మాంసాన్ని, ట్యూనా చేపను చాలామంది ఆ లెక్కలో వెయ్యరు, కూరగాయల వంటకంలో కూడా హమోన్ ముక్కలు పడతాయి. సిన్ హమోన్, సిన్ అతూన్ (హమోన్ లేకుండా, ట్యూనా లేకుండా) అని విడివిడిగా చెప్పడం నేర్చుకున్నాక నాకు లోటు రాలేదు. బంగాళాదుంపలు, గుడ్లతో అరచేయంత మందాన చేసే తోర్తియ్యా, కాల్చిన రొట్టెపై టమాటా రుద్ది ఆలివ్ నూనె, ఉప్పు వేసే పాన్ కోన్ తొమాతే, నూనెలో వేయించి రాళ్ళ ఉప్పు చల్లిన పాద్రోన్ మిరపకాయలు నాకు రోజూ దొరికాయి. ఆ మిరపకాయల్లో ఎక్కువ భాగం చప్పగానే ఉంటాయి, ఎప్పుడో ఒకటి కారంగా తగులుతుంది. తెనాలి వాళ్ళమైన మాకు ఆ ఒక్కటీ పళ్ళెంలో ఎప్పుడు వస్తుందా అన్నదే ఆశ. పని దినాల్లో మధ్యాహ్నం మెను దెల్ దియా అడిగితే రెండు వంటకాలు, రొట్టె, పానీయం, ఆఖరున తీపి కలిపి ఒకే ధరకు పెడతారు. మేము మనిషికి 14 నుంచి 16 యూరోలు ఇచ్చాము. డబ్బుకు తగిన భోజనం ఇంతకంటే ఎక్కడా దొరకలేదు.

బార్సిలోనాకు రైలు ఎంచుకోవడం సరైన నిర్ణయం. 621 కిలోమీటర్ల దూరాన్ని రెండున్నర, మూడు గంటల్లో దాటిస్తుంది. స్టేషనులో సామాను తనిఖీ ఉంటుంది కనుక అరగంట ముందు చేరాలి. మాకు నిరాశ కలిగించింది అక్కడి హోటలు. మ్యాడ్రిడ్ బసకు దాదాపు రెట్టింపు అద్దె తీసుకుని, వెలుతురు దిగని ఇరుకు బావి వంటి ఖాళీలోకి కిటికీ ఉన్న గది ఇచ్చారు. వివరాల్లో ‘ఇంటీరియర్’ అన్న మాటకు అర్థం అదేనని మాకు ముందు తెలియదు. దీనికి తోడు నగరం వేసే పర్యాటక పన్ను మనిషికి, రాత్రికి చొప్పున వేరే కట్టాలి. ప్రధాన వీధిలో వంటకాల బొమ్మల పలకలు పెట్టిన ఒక భోజనశాలలో వేడి చేసి తెచ్చిన పాత అన్నాన్ని, పెనంలో వండే స్పెయిన్ అన్నపు వంటకమైన పాయేయా అని పెట్టారు. సగం తిని లేచాము. మెట్రోలో ఒక పెద్దావిడ, సంచి ముందుకు తిప్పుకోమని మావారికి సైగ చేసి చూపించింది. ఆ హెచ్చరికను నేను అందరికీ అందిస్తున్నాను.

అయితే సగ్రాడా ఫమీలియా ఈ చికాకులన్నీ మరిపించింది. 1882లో మొదలైన ఈ చర్చిని మరుసటి ఏడాది చేపట్టిన వాస్తుశిల్పి గౌడీ, 1926లో ట్రాము ఢీకొని మరణించేదాకా దాని పని వదలలేదు. 26 యూరోల టికెట్టును ముందుగా ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. వీలైతే సాయంత్రం వేళ ఎంచుకోండి. కొమ్మలు చాచిన చెట్ల వంటి స్తంభాల మీద పడమటి అద్దాల నుంచి నారింజ, ఎరుపు వెలుతురు పాకుతూ రావడం మేము గంటన్నర కూర్చుని చూశాము. పికాసో మ్యూజియంలో మాకు మరో ఆనందం ఎదురుచూసింది: 1957లో ఆయన ‘లాస్ మెనినాస్’ను ముందు పెట్టుకుని వేసిన 58 చిత్రాలు అక్కడ ఉన్నాయి. మ్యాడ్రిడ్‌లో మూడుసార్లు చూసిన రాకుమార్తె ఇక్కడ ముక్కోణాలుగా విరిగి కనబడింది, వెలాస్కెజ్ గీసిన పెద్ద కుక్క స్థానంలో పికాసో పెంచుకున్న పొట్టికాళ్ళ కుక్క చేరింది. ప్రాడో చూడకుండా ఇక్కడికి వస్తే ఈ గదులు సగమే అర్థమవుతాయి. అందుచేత మ్యాడ్రిడ్ ముందు, బార్సిలోనా తరువాత అన్న వరుసే మేలు.

వాలెన్సియాకు మేము రెండు రాత్రులే కేటాయించాము, నాలుగు ఉంచుకోవలసింది. సెంట్రల్ మార్కెట్ పక్కన వంటగది ఉన్న ఇల్లు తీసుకోవడం వల్ల తాజా కూరగాయలతో ఒక పూట వంకాయ కూర చేసుకుని, వెంట తెచ్చిన గోంగూర పచ్చడితో తిన్నాము. పాలు, నెయ్యి, మాంసం వంటివి ఐరోపా సమాఖ్యలోకి సామానులో తీసుకుపోరాదు, గుర్తుంచుకోండి. నగరానికి దక్షిణాన బస్సు దూరంలో ఉన్న అల్బుఫేరా సరస్సు చుట్టూ నీరు పెట్టిన వరి మళ్ళు చూడగానే మావారు బస్సు కిటికీకి ముఖం ఆనించేశారు. అక్కడే మధ్యాహ్నం కూరగాయల పాయేయా చెప్పాము. ఇద్దరికి తక్కువ చేయరు, చెప్పాకనే పొయ్యి మీద పెడతారు. ఉడికించే నీరు కూరగాయలదేనా అని నేను అడిగితే వంటవాడు బయటికి వచ్చి మరీ అవునని చెప్పాడు. లోతు లేని వెడల్పాటి పెనం అడుగున పట్టిన అన్నాన్ని సొకర్రాత్ అంటారు, దాన్నే అందరూ గీరి తింటారు. మా అమ్మమ్మ గిన్నె అడుగున గీరి పెట్టిన మాడుచెక్క రుచి అన్నేళ్ళ తరువాత నాకు అక్కడ దొరికింది. “ఏమండీ, ఆ అంచు నాకు వదలండి” అని అడిగి తీసుకున్నాను.

మరునాడు గురువారం. ప్రతి గురువారం మధ్యాహ్నం 12 గంటలకు వాలెన్సియా కథెడ్రల్ అపోస్తలుల ద్వారం దగ్గర నీటి న్యాయస్థానం కూర్చుంటుంది. తూరియా నది నుంచి పారే ఎనిమిది కాలువల రైతులు ఎన్నుకున్న ప్రతినిధులు నల్లని పైవస్త్రాలు వేసుకుని గుండ్రంగా కూర్చుంటారు. కాగితాలు లేవు, వకీళ్ళు లేరు, మాట మీదే విచారణ, అప్పటికప్పుడే తీర్పు. 2009లో యునెస్కో దీన్ని వారసత్వ సంపదగా గుర్తించింది. గంటలు మోగగానే బంట్రోతు ఒక్కొక్క కాలువ పేరు పిలిచి ఫిర్యాదులున్నాయా అని అడిగాడు. ఆ రోజు ఏ కాలువ నుంచీ ఎవరూ రాలేదు, అయిదు నిమిషాల్లో సభ ముగిసింది. జనం చెదిరిపోయినా, కృష్ణా కాలువ కింద పుట్టి పెరిగిన మావారు ఖాళీ కుర్చీల ముందు నుంచి కదలలేదు. ఫొటో తీసి, తెనాలి దగ్గర ఇప్పటికీ సాగు చేస్తున్న మా బావగారికి పంపారు. మేము వీధి మలుపు తిరగకముందే ఆయన నుంచి జవాబు వచ్చింది: “కాలువ చివరి చేలకు వంతు ఎలా వేస్తారో కనుక్కుని రారా.”