డాడ్‌గాడా, ఓపెన్ జీనా?

బరంపురం, పర్లాకిమిడి వైపు భజనల్లో గిటార్ వాయించేవాళ్లు మామూలు ట్యూనింగ్ దాటాలనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే. డాడ్‌గాడ్, ఓపెన్ జీ అనే ఈ రెండు ట్యూనింగ్‌లలోనూ మూడేసి తీగలు రెండు ఫ్రెట్ల (మెడ మీది అడ్డగీతల) మేర దిగుతాయి. ఆరోది (అన్నిటికన్నా లావుది), ఒకటోది (అన్నిటికన్నా సన్నది) ఈ (E) స్వరం నుంచి డి (D)కి రావడం ఉమ్మడి. ఆపైన డాడ్‌గాడ్‌లో రెండోది బి నుంచి ఎకి, ఓపెన్ జీలో ఐదోది ఎ నుంచి జికి దిగుతాయి.

డిని షడ్జమం అనుకుంటే డాడ్‌గాడ్ విడి తీగలు (ఫ్రెట్ నొక్కకుండా మీటినవి) ఆరో తీగ నుంచి స-ప-స-మ-ప-స. గాంధారమే లేదు కనుక శంకరాభరణమైనా ఖరహరప్రియ అయినా వెనక తంబూరాలా మోగుతుంది. కల్యాణికి మాత్రం మూడో తీగ ముట్టకండి, అది శుద్ధ మధ్యమం, కల్యాణిది ప్రతి మధ్యమం. ఓపెన్ జీలో షడ్జమం జి, రెండో తీగ అంతర గాంధారం. మోహనానికి హాయి, సాధారణ గాంధారం ఉన్న ఖరహరప్రియకు ఆ తీగే శత్రువు. ఆరో తీగ పంచమం, కాబట్టి ఐదో తీగ నుంచి మీటాలి. కార్డులు (కలిపి మోగే స్వరాల గుత్తులు) మాత్రం మహా తేలిక: ఐదో ఫ్రెట్ అడ్డంగా నొక్కితే సి, ఏడోది నొక్కితే డి.

భజనకు మా ఓటు డాడ్‌గాడ్‌కే.

శ్రుతి సరిచూడటానికి పన్నెండో ఫ్రెట్ హార్మోనిక్ (ఫ్రెట్ పైన తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే నాదం) చాలు: డాడ్‌గాడ్‌లో ఐదో తీగది విడి రెండో తీగతో, ఓపెన్ జీలో ఐదోది విడి మూడోదానితో కలవాలి. కావలసినదానికన్నా కొంచెం కిందికి దించి, పైకి బిగిస్తూ ఆపండి; లేకుంటే తీగ జారుతుంది. 10 గేజ్ (సన్న తీగల) సెట్‌లో ఆరో తీగ వదులై ఫ్రెట్లకు తగిలి గరగరమంటుంది, లావైన 12 వేయండి. నట్ (మెడ పైకొసన తీగలు ఆనే పట్టీ) గాడిలో తీగ టిక్కుమంటే పెన్సిల్ ముక్కు రుద్దండి. గోపాల్‌పూర్ ఉప్పుగాలికి తుప్పెక్కిన ఒకటో తీగ మళ్లీ ఈకి బిగించేటప్పుడే తెగుతుంది.