జిమ్నీకి 235 తీసేసి 215 టైర్లు వేశాను: 28 వేల కిలోమీటర్ల తర్వాత

మాది నర్సీపట్నం. కాఫీ, మిరియాల కొనుగోలు పని మీద వారానికి రెండుసార్లైనా చింతపల్లి, జి.కె.వీధి (గూడెం కొత్తవీధి) వైపు ఘాట్ ఎక్కాలి. తారు రోడ్డు ఉన్నంతవరకు ఏ బండైనా పోతుంది, అసలు కష్టమంతా అక్కణ్ణుంచి ఊళ్లలోకి చీలే మట్టి దారుల్లోనే. 2023 ఆగస్టులో మారుతీ జిమ్నీ మాన్యువల్ తీసుకున్నది అందుకే. ఇప్పటికి 48 వేల కిలోమీటర్లు తిరిగింది, మూడు రకాల టైర్లు వాడాను.

కంపెనీ ఇచ్చినవి 195/80 ఆర్15 (మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో), రోడ్డు టైర్లు. ఇబ్బంది సైజుతో కాదు, ట్రెడ్‌తో, అంటే నేలకి తగిలే గాళ్ల అచ్చుతో. వాన పడితే చాలు, ఎర్రమట్టి గాళ్లలో నిండిపోయి టైరు బోడిగుండులా అయిపోయేది. 14 వేల కిలోమీటర్లు అలాగే నెట్టుకొచ్చి, 2024 వానాకాలం ముందు 235/75 ఆర్15 ఆల్ టెరైన్ (తారుకీ మట్టికీ పనికొచ్చే రకం) వేయించాను. వెడల్పు పెరిగితే గ్రిప్ పెరుగుతుందని అందరూ అనే మాటే నేనూ నమ్మాను. పైగా బండి చూడ్డానికి బాగుంటుంది, ఆ ఆశ కూడా ఉంది.

జిమ్నీ రిమ్ వెడల్పు 5.5 అంగుళాలు. 235/75కి కనీసం 6 అంగుళాల రిమ్ కావాలి. షాపులో ఎవరూ ఆ మాట చెప్పలేదు, నేనూ అడగలేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకునేది. లీటరుకు 15 వచ్చే మైలేజీ 12కి పడిపోయింది. 134 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్న చిన్న పెట్రోల్ ఇంజిను అది, రెండో గేరులో ఎక్కే మలుపుల్లో మొదటి గేరు అడగడం మొదలెట్టింది. టైరు ఎత్తు 40 మిల్లీమీటర్లు పెరిగినా అందులో సగమే బండి కింద ఖాళీకి కలిసొస్తుంది, అంటే నాకు దక్కింది 20. స్పీడోమీటర్ 80 చూపిస్తే నిజంగా పోయేది దాదాపు 85.

ఇవన్నీ ఓర్చుకునేవాణ్ణే, బురదలో పనిచేసి ఉంటే.

జూలైలో జి.కె.వీధి అవతల ఒక ఊళ్లోకి దిగుతున్నాను. వాన ఆగి గంటైంది. ఎడమ పక్క గెడ్డ (వాగు). 4ఎల్‌లో (నాలుగు చక్రాలూ మెల్లగా, బలంగా తిరిగే గేరు) పెట్టి మొదటి గేరులో, బ్రేకు ముట్టుకోకుండానే దిగుతున్నా బండి మెల్లగా పక్కకి జారడం మొదలెట్టింది, స్టీరింగ్ ఎటు తిప్పినా దానికి పట్టలేదు, చివరికి వెనక చక్రం గట్టుకి ఆనుకుని ఆగింది. గుండె గొంతులోకొచ్చింది. దిగి చూస్తే టైరు నడిచిన చోటంతా పేడతో అలికిన అరుగులా నున్నగా ఉంది. అందులో వేలు పెట్టి చూశాను. రెండు కణుపులు దిగాక గట్టి గ్రావెల్ తగిలింది. పట్టు ఇచ్చే నేల అక్కడే ఉంది, నా టైరు దాన్ని అందుకోలేదు.

కాసేపటికి సంతకెళ్లి వచ్చే సర్వీసు జీపొకటి, నిండా జనంతో, అదే వాలు దిగింది. పాత మహీంద్రా, 6.00-16 టైర్లు, ఆరంగుళాల వెడల్పు. వెనకాల రెండు సన్నటి గాళ్లు పడ్డాయి, వాటి అడుగున రాళ్లు తేలి కనబడుతున్నాయి. ఆ డ్రైవరు దిగి నా టైర్లు చూసి ఒకటే మాటన్నాడు: "ఇవి బురద మీద తేల్తాయి బాబూ. సన్నటివైతే కిందకి దిగి పట్టుకుంటాయి." ఏజెన్సీలో నలభై ఏళ్లుగా జీపులు ఎందుకు సన్నటి టైర్ల మీదే నడిచాయో నాకు ఆ రోజు అర్థమైంది.

తర్వాత కూర్చుని చదివాను. బండి బరువు, టైరులో గాలి ఒకటే అయితే నేలకి తగిలే వైశాల్యం సన్నటిదైనా వెడల్పుదైనా ఇంచుమించు ఒకటే. మారేది ఆకారం. వెడల్పు టైరుకి అది అడ్డంగా పొట్టిగా ఉంటుంది, సన్నదానికి నిలువుగా పొడుగ్గా ఉంటుంది. సన్నది ముందుకు తోసుకుపోవాల్సిన బురదా తక్కువే. జిమ్నీ బరువు 1,200 కిలోలే, అంత తేలిక బండికి వెడల్పు టైరు వేస్తే కిందకి కోసుకుని దిగే బలం ఎక్కడిది!

అక్టోబరులో నష్టానికి అవి అమ్మేసి 215/75 ఆర్15 వేయించాను. అదే కంపెనీ, అదే ట్రెడ్, సైజొక్కటే మారింది. పాత రిమ్‌కి సరిపోతుంది, ఎక్కడా రాసుకోదు, స్పీడోమీటర్ తేడా ఒకటిన్నర శాతం. ఇంకో పెద్ద లాభం, ఇది బొలేరో సైజు. ఏ చిన్న టౌన్‌లోనైనా దొరుకుతుంది. 195/80లో ఆల్ టెరైన్ దొరికి ఉంటే అదే వేసేవాణ్ణి, మా వైపు దొరకలేదు.

మరుసటేడు వానల్లో అదే వాలుకి వెళ్లాను. పైన ఆగి గాలి 18 పీఎస్ఐకి దించాను, అద్దం కిందకి దింపి నడక వేగంతో దిగాను. పది అడుగులు పోయాక టైర్ల కింద గులకరాళ్లు కరకరలాడటం వినిపించింది. అంతే, నా భుజాలు సడలాయి. బండి పక్కకి జరగలేదు. తిరుగు ప్రయాణంలో ఎక్కేటప్పుడు ఒక్కచోట చక్రం తిరిగింది, అది కూడా కాలు తీసి మళ్లీ మెల్లగా ఇస్తే పట్టుకుంది.

అన్ని నేలలకీ ఇదే మందని చెప్పను. భద్రాచలం దగ్గర గోదావరి ఇసుకలో ఒకసారి దిగబడ్డాను, గాలి 14కి దించితేగానీ కదల్లేదు. మెత్తటి ఇసుకలో వెడల్పు టైరుకే సుఖం. నల్లరేగడిలో కూడా, ఎంత దిగినా గట్టి నేల తగలని చోట, సన్నది ఇంకా లోతుకి పోతుంది. మీరు తిరిగేది అలాంటి పొలాల్లోనైతే నా మాట పక్కన పెట్టండి. హైవే మీద వేగంగా మలుపు తిప్పినప్పుడు 235 ఎక్కువ నిబ్బరంగా ఉండేది, అది ఒప్పుకోవాలి. మైలేజీ ఇప్పుడు 14. శబ్దం 70 దాటితే ఉంటుంది, అలవాటైపోయింది.

కొనేవాళ్లకి రెండు విషయాలు గట్టిగా చెప్తాను. స్టెప్నీతో కలిపి ఐదూ ఒకేసారి మార్చండి, ఐదింటినీ తిప్పుతూ వాడండి. జిమ్నీ లాంటి బండికి ముందూ వెనకా టైర్ల ఎత్తు తేడా ఉంటే ఫోర్ వీల్‌లో ఆ ఒత్తిడంతా ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందూ వెనకా చక్రాలకి బలం పంచే గేరు పెట్టె) మీద పడుతుంది. రెండోది, గాలి కొట్టే చిన్న కంప్రెసర్, గేజీ కొనకుండా టైర్లకి డబ్బు పెట్టకండి. గాలి దించి దారి దాటాక మళ్లీ 28 కొట్టే తారు రోడ్డెక్కాలి, 18తో స్పీడుగా పోతే టైరు వేడెక్కి పాడైపోతుంది.

ఒక లోటు మిగిలింది. నేను వేసింది మామూలు రకం, ఎల్టీ (లైట్ ట్రక్, దిట్టమైన రకం) కాదు. పక్కగోడ పలచన. ఈ జనవరిలో కాఫీ తోట దారిలో కోసుగా ఉన్న రాయి తగిలి వెనక కుడి టైరు పక్కన రెండంగుళాలు చీలింది. పక్కగోడకి పంక్చర్ వేయకూడదు, టైరు మార్చాల్సిందే. స్టెప్నీ ఎక్కించుకుని, దాని చోటుకి జి.కె.వీధిలో అడిగితే పాత బొలేరోది అదే సైజు టైరు దొరికింది, ట్రెడ్ వేరు, ఎత్తు కూడా నా టైర్ల అరుగుదలకి సరిపోలేదు, దాన్ని స్టెప్నీగానే ఉంచుకుని మెల్లగా ఇల్లు చేరాను. మిగతా నాలుగింట్లో ఇంకా 6 మిల్లీమీటర్ల ట్రెడ్ ఉంది. అవి అరిగాక మళ్లీ 215/75నే వేయిస్తాను, ఈసారి ఎల్టీ. కొంచెం బరువెక్కువ, ఖాళీ బండిలో కుదుపు తెలుస్తుంది, అయినా రాళ్లలో తిరిగేవాడికి అదే కావాలి.