మిల్వాకీలో అసలు సిసలు జర్మన్ తిండి దొరికింది!

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో రెండేళ్లు ఉండి అమెరికా వచ్చేశాక నేను బాగా మిస్ అయింది అక్కడి తిండే అండీ. మేముండే ఊళ్లో ఒక జర్మన్ రెస్టారెంట్‌కి ఆశగా వెళ్తే సావర్‌క్రౌట్‌లో ఒకటే వెనిగర్ ఘాటు, అసలైతే క్యాబేజీ సన్నగా తరిగి ఉప్పు వేసి ఊరబెడితే వారాల్లో దానంతట అదే పులుస్తుంది, ఆ పులుపే వేరు.

మొన్న లాంగ్ వీకెండ్‌కి విస్కాన్సిన్‌లోని మిల్వాకీ వెళ్లాం. 19వ శతాబ్దంలో జర్మన్లు వేలల్లో వచ్చి స్థిరపడ్డ ఊరు కదా, తేడా తెలిసిపోయింది. 1902 నుంచి ఉన్న మేడర్స్ రెస్టారెంట్‌లో సావర్‌బ్రాటెన్ తిన్నాను, అంటే బీఫ్‌ని వెనిగర్, మసాలా దినుసుల్లో రోజుల తరబడి నానబెట్టి సన్న సెగ మీద వండేది, ముక్క ఫోర్క్ తగలగానే విడిపోయింది, గ్రేవీలో ఆ పులుపూ తీపీ సరిగ్గా కుదిరాయి. రేటు మాత్రం కాస్త ఎక్కువే.

అక్కడికి దగ్గర్లోనే యూసింగర్స్ షాపు, 1880లో పెట్టారట, సాసేజ్‌లకి ఇదే నా ఫేవరెట్. బ్రాట్‌వుర్స్ట్ అనే జర్మన్ సాసేజ్ రెండు ప్యాకెట్లు తెచ్చుకుని ఇంట్లో పెనం మీద సన్న మంటలో నిదానంగా వేయించాం (మంట పెంచితే తోలు పగిలి రసమంతా కారిపోతుంది), ఆవాల ముద్దతో తింటే అచ్చం స్టుట్‌గార్ట్‌లో వారాంతపు సంతలో తిన్నట్టే ఉంది. వెళ్లేవాళ్లు ఐస్‌బాక్స్ తప్పకుండా పట్టుకెళ్లండి.