ఎనిమిదేళ్లుగా నా పాత ఎండీవర్‌లో ఎల్‌ఎస్‌డీ

గుర్రంపోడు దగ్గర మాకు బత్తాయి తోట ఉంది. తారు రోడ్డు దిగాక తోట దాకా కిలోమీటరున్నర బాట, సగం ఎర్ర చెల్క, సగం నల్లరేగడి. వాన వెలిసిన గంటకే చెల్కలో ఏ బండైనా పోతుంది. రేగడి అట్లా కాదు, టైరుకు పట్టిందంటే వదలదు. ఈ బాట కోసమే 2017లో సెకండ్‌హ్యాండ్ ఫోర్డ్ ఎండీవర్ తీసుకున్నాను. 2010 మోడల్, డీజిల్, టూ వీల్ డ్రైవ్. ఫోర్ వీల్ డ్రైవ్‌కు నా దగ్గర డబ్బు చాలలేదు. వెనక యాక్సిల్‌లో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఎల్‌ఎస్‌డీ) ఉందని తెలిసి దీనికి మొగ్గాను. డిఫరెన్షియల్ అంటే యాక్సిల్ మధ్యలో ఉండి, ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె. ఇప్పటికి లక్షా పది వేల కిలోమీటర్లు తిప్పాను.

మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి, మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలనూ వేర్వేరు వేగంతో తిరగనిస్తుంది. కానీ ఇంజిన్ బలాన్ని మాత్రం రెండింటికీ సమానంగానే పంచుతుంది. చిక్కంతా అక్కడే. బురదలో ఒక చక్రం ఊరికే తిరుగుతుంటే, దాన్ని తిప్పడానికి ఎంత కొంచెం బలం చాలుతుందో, గట్టి నేల మీదున్న రెండో చక్రానికీ అంతే అందుతుంది. బండి కదలదు. నా బండిలోని ఎల్‌ఎస్‌డీలో చక్రాల ఇరుసులను తిప్పే సైడ్ గేర్ల వెనక సన్నటి క్లచ్ ప్లేట్లు ఉంటాయి. ఒక చక్రం జారి వేగంగా తిరగబోతే ఆ ప్లేట్ల రాపిడి దాన్ని పట్టి ఉంచి, రెండో చక్రానికి మరికొంత బలం పంపుతుంది.

రేగడిలో ఈ తేడా స్పష్టంగా తెలిసింది. ఒక చక్రం గుంతలో, రెండోది ఒడ్డు మీద ఉన్నప్పుడు సెకండ్ గేరులో నిదానంగా పోనిస్తే బండి తనంతట తాను ఎక్కి వస్తుంది. రెండు చక్రాలూ బురదలో ఉంటే మాత్రం ఎల్‌ఎస్‌డీ ఏమీ చేయలేదు. అట్లా రెండుసార్లు దిగబడితే మా చిన్నాయన ట్రాక్టరే లాగింది. ఒక చక్రం పూర్తిగా గాలిలోకి లేచినప్పుడు హ్యాండ్‌బ్రేక్ రెండు పళ్లు లాగి, మెల్లగా యాక్సిలరేటర్ ఇస్తాను. ఊరికే తిరిగే చక్రానికి ఆ బ్రేకు అడ్డు పడుతుంది, ప్లేట్లు గట్టిగా బిగుస్తాయి, నేల మీది చక్రం లాగుతుంది. కదిలిన వెంటనే హ్యాండ్‌బ్రేక్ వదిలేయాలి.

తడి తారు మీద ఇంకో సంగతి ఉంది. తొలకరి రోజు అద్దంకి రోడ్డు మీద మలుపులో యాక్సిలరేటర్ కొంచెం గట్టిగా తొక్కితే వెనక భాగం పక్కకు జారింది. మామూలు డిఫరెన్షియల్ అయితే లోపలి చక్రం ఒక్కటే తిరిగేది, రెండోది పట్టు వదలదు. ఇందులో రెండూ కలిసి జారతాయి. ఆ రోజు నుంచి వానలో మలుపు పూర్తయ్యాకే యాక్సిలరేటర్ ఇస్తున్నాను.

2020లో నా నిర్లక్ష్యం వల్ల దీన్ని పాడు చేసుకున్నాను. ఒక షెడ్డులో క్రౌన్ ఆయిల్, అంటే డిఫరెన్షియల్‌లో ఉండే గేర్ ఆయిల్ మార్పించాను. ఏ ఆయిల్ పోస్తున్నారని అడగలేదు. నెల తిరిగేసరికి నల్లగొండ గడియారం దగ్గర బండి తిప్పుతుంటే వెనక నుంచి గడగడమని శబ్దం, సీటు కింద వణుకు. వీల్ బేరింగ్ అన్నారు, మార్చాను. క్రాస్ (వెనక యాక్సిల్‌కు బలం తెచ్చే షాఫ్టు జాయింటు) అన్నారు, అదీ మార్చాను. శబ్దం పోలేదు. చివరికి హైదరాబాద్‌లో ఒక పెద్ద మెకానిక్ బండి చుట్టూ తిరిగి రెండే మాటలు అడిగాడు. "హౌజింగ్‌ల ఏం ఆయిల్ పోసిన్రు? వెనక ఒక టైరే కొత్తగ ఎందుకున్నది?"

రెండూ సరైన ప్రశ్నలే. హౌజింగ్ అంటే డిఫరెన్షియల్ ఉండే యాక్సిల్ డొల్ల. క్లచ్ ప్లేట్ల ఎల్‌ఎస్‌డీకి జీఎల్-5 రకం గేర్ ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ కూడా ఉండాలి. అది లేకపోతే మలుపుల్లో ప్లేట్లు మెత్తగా జారకుండా పట్టుకుంటూ, వదులుతూ ఉంటాయి. ఆ గడగడ అదే. ఇక టైరు సంగతి. కొత్తది, అరిగినది ఒకే యాక్సిల్ మీద ఉంటే వాటి చుట్టుకొలత వేరు కాబట్టి, నేరుగా పోతున్నప్పుడు కూడా ప్లేట్లు రాసుకుంటూనే ఉంటాయి. హైవే మీద గంటలకొద్దీ అట్లా పోతే వేడికి కాలిపోతాయి. నావి అట్లాగే పోయాయి. సరైన ఆయిల్ పోసి, ఖాళీ మైదానంలో ఎనిమిది అంకె వేసినట్టు నిదానంగా ఇరవై చుట్లు తిప్పితే శబ్దం సగం తగ్గింది. మిగతా సగానికి ప్లేట్లు మార్చక తప్పలేదు.

ఏం పెట్టించాలా అని అప్పుడు బాగా ఆలోచించాను. హెలికల్ గేర్ల (ఏటవాలు పళ్ల గేర్ల) రకం ఎల్‌ఎస్‌డీలో అరిగే ప్లేట్లుండవు, మాడిఫయర్ అక్కర్లేదు. రోడ్డు మీద వేగంగా నడిపే కారుకు, ముఖ్యంగా ముందు చక్రాలు లాగే కారుకు నేనైతే అదే చెబుతాను. కానీ ఒక చక్రం గాలిలో ఉంటే అది దాదాపు మామూలు డిఫరెన్షియల్ లాగే అయిపోతుంది. ఒడ్ల మీద ఎక్కి దిగే నా బండికి అది పనికిరాదు. రెండు చక్రాలనూ కలిపి బిగించేసే లాకర్ పెడితే బురదలో దానికి తిరుగులేదు గానీ, ధర ఎక్కువ. వారంలో ఐదు రోజులు తారు మీదే తిరిగే బండికి అంత అవసరం లేదనిపించింది. చవకగా అయిపోతుందని మామూలు డిఫరెన్షియల్ పెట్టించుకోమన్నవాళ్లూ ఉన్నారు. మనసొప్పలేదు. ఉన్న దానిలోనే కొత్త ప్లేట్లు వేయించాను. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించాక పార్టుల గురించి చాలా టెన్షన్ పడ్డాను. ప్లేట్లు రావడానికి మూడు వారాలు పట్టింది, అయినా దొరికాయి. పాత బండికి నా సలహా ఇదే: కేసింగ్, గేర్లు బాగుంటే ఉన్నదాన్నే బాగు చేయించండి.

ఇప్పుడు ముప్పై వేల కిలోమీటర్లకొకసారి ఆయిల్ మారుస్తాను. వాగు నీళ్లలో యాక్సిల్ మునిగితే ఆ వారంలోనే నట్టు విప్పి ఆయిల్ చూస్తాను. తెల్లగా మజ్జిగలా ఉంటే నీళ్లు చేరినట్టే. యాక్సిల్ మీది బ్రీతర్‌ను (గాలి వచ్చిపోయే చిన్న గొట్టాన్ని) మట్టి మూసేసిందేమో కూడా చూడాలి. వేడి యాక్సిల్ చల్లటి నీళ్లలో దిగినప్పుడు లోపలి గాలి కుంచించుకుపోతుంది, బ్రీతర్ మూసుకుపోయి ఉంటే సీళ్ల దగ్గర్నుంచి నీళ్లు లాక్కుంటుంది. ఆయిల్ దించేముందు, కొత్తది పోసే పై నట్టు ఊడుతుందో లేదో చూసుకోండి. అది బిగుసుకుపోతే ఖాళీ హౌజింగ్‌తో షెడ్డులోనే ఉండిపోతారు. ఆయిల్, మాడిఫయర్ కలిపి నాకు అర ట్యాంకు డీజిల్ ఖర్చు కూడా కావడం లేదు. వెనక టైర్లు ఎప్పుడూ జతగానే మారుస్తాను.

పాత బండి కొనబోయేవాళ్లు ఒక పరీక్ష చేయండి. ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, వెనక రెండు చక్రాలూ లేపి స్టాండ్ల మీద ఉంచండి. ఇంజిన్ ఆపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వదిలి, ఒక చక్రాన్ని చేత్తో తిప్పండి. రెండోది కూడా అదే వైపు తిరిగితే ఎల్‌ఎస్‌డీ ఉంది, పనిచేస్తోంది. ఎదురు వైపు తిరిగితే అసలు లేకపోవచ్చు, లేదా ప్లేట్లు అరిగిపోయి ఉండొచ్చు. ఒక్క చక్రమే జాకీ మీద ఉన్నప్పుడు మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేసి గేరు వేయకండి. నేల మీది చక్రం బండిని జాకీ మీద నుంచి దూకిస్తుంది.

ప్లేట్లు మార్చి నాలుగేళ్లు దాటింది. మొన్న ఆయిల్ దించితే కింది నట్టు మాగ్నెట్‌కు కాటుకంత మెత్తటి పొడి తప్ప ముక్కలేమీ లేవు. గడియారం దగ్గర బండి చప్పుడు లేకుండా తిరుగుతోంది.